రెండో పేజీ, నాలుగో లెక్క

ఆదివారం మధ్యాహ్నం, కరెంటు పోయిన కొరుక్కుపేటలో
తొమ్మిదో తరగతికి ఇంటిలెక్కలు రాస్తున్నాను.
ఒక్క కాగితం, రెండు వైపులా. అంతకు మించితే
జిరాక్సు డబ్బులు నా పర్సులోంచే.

మొదటి లెక్క గడపలాంటిది.
కాలికి తగలకుండా దాటాలి అందరూ,
చివరి బెంచీ పెంచలరత్నంతో సహా.
రెండోది అదే లెక్క, చొక్కా మార్చుకుని వస్తుంది.
మూడోదాంట్లో ఒక మెలిక పెడతాను,
ముడి కాదు, మెలిక,
గోటితో విప్పుకోగలిగినంత.

పుస్తకంలో రెండు గొట్టాలు ఒక తొట్టిని నింపుతుంటాయి,
నేను చదువుకున్న రోజులనించీ.
మా వీధికి నీళ్లు లారీలో వస్తాయి.
అందుకని తొట్టి కొట్టేశాను.
లారీ పెట్టాను. డెబ్బైరెండు బిందెల నీళ్లు,
ఇంటికి మూడు చొప్పున, వీధిలో ఇళ్లు ఇరవైఆరు.
నీళ్లు దొరకని ఇళ్లెన్ని? అని అడగబోయి
పెన్ను ఆపాను.
ఆ రెండిళ్లూ ఎవరివో క్లాసులో అందరికీ తెలుసు.

మైనస్ గుర్తు జాగ్రత్తగా వేయాలి.
జిరాక్సులో అది చెరిగిపోతుంది,
లేదా లేనిచోట ఒక మరక మైనస్ అయి కూర్చుంటుంది.
ఒకసారి అలాగే అయితే ముప్పైనలుగురికీ మార్కులేసి
నోరు మూసుకున్నాను.

పోయిన నెల నాలుగో లెక్క ఇదీ:
అంజమ్మ కాసిమేడులో కిలో నూట ఇరవై చొప్పున
పదిహేను కిలోల కానాగంతలు కొని
నూట అరవై చొప్పున అమ్మింది. లాభమెంత?
ఆరువందలు. ముచ్చటైన జవాబు,
చివర రెండు సున్నాలు నున్నగా.

అందరూ ఆరువందలే రాశారు, కాంతిమతి తప్ప.
కాంతిమతి మార్జిను దాటి, కాగితం తిప్పి,
మార్కులు వేసే గడిలోకి కూడా రాసింది:
"పదకొండుదాకా తొమ్మిది కిలోలే పోతాయి టీచర్.
ఎండెక్కాక నూట ముప్పైకి దిగాలి, అప్పుడు నాలుగు కిలోలు.
రెండు మిగుల్తాయి.
ఐసుకు ఎనభై. షేర్ ఆటోలో గంపకు వేరే నలభై.
లాభం నలభై రూపాయలు.
ఇంకా మాకు పులుసు."

ఎర్రపెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.
ముందు కూడికలు సరిచూశాను, నాకు చేతనైంది అదే కదా.
పద్నాలుగువందల నలభై, ఐదువందల ఇరవై,
తీసివేత, ఆపైన ఇంకో తీసివేత.
ఎక్కడా పొరపాటు లేదు.
పొరపాటు నా ప్రశ్నలో ఉంది.
ధర అంటే పొద్దుటినించి పొద్దుగూకేదాకా
వంగకుండా పోయే గీత అనుకున్నాను.
అది పదకొండింటికి విరుగుతుంది.
పదిహేడేళ్లుగా సరళరేఖలు చెబుతున్నదాన్ని,
చేపల గంప మీదికి ఎండ ఎన్నింటికొస్తుందో తెలియదు.

మార్కులా? కాంతిమతికి నాలుక్కి నాలుగు.
మిగతావాళ్లకీ నాలుగే.
వాళ్లు చేసిన తప్పల్లా నన్ను నమ్మడం.

ఇవాళ మళ్లీ నాలుగో లెక్క దగ్గర ఆగాను.
స్కేలుతో గ్రాఫు గళ్లు గీస్తుంటే
చెమటకి కాగితం మోచేతికి అంటుకుంటోంది.
అడ్డంగా గంటలు, నిలువుగా ధర.
గీతను నేనే విరిచి ఇచ్చాను.
ఎందుకు విరిగిందో రాయండి, అన్నాను.
కింద ఏడు వరసలు ఖాళీ.

సాయంత్రం, రైల్వే గేటు పక్కన,
జిరాక్సు షాపు దిల్లిబాబు కాగితం అటూఇటూ తిప్పి
"ఇంత చోటు వదిలేశారే టీచర్,
ఇంకో రెండు లెక్కలు పట్టేవి" అన్నాడు.
గేటు పడింది. గూడ్సు వెళుతోంది.
అలవాటుగా పెట్టెలు లెక్కపెడుతూ
నలభైఒకటి దగ్గర తప్పిపోయాను.

కాపీలు వెచ్చగా చేతికొచ్చాయి.
మొదటి లెక్కలోనే మైనస్ పడలేదు.
షాపు బల్ల మీద పరిచి
పెన్నుతో పెడుతున్నాను, ఒక్కోటీ,
ముప్పైనాలుగు మైనస్‌లు.